మిరపకాయ లేని రోజు

మా ఇంట్లో ఏడాదికి రెండంటే రెండు రోజులు మిరపకాయ కనబడదు. ఒకటి మా తాతయ్య తద్దినం, రెండోది మామ్మ తద్దినం. మిగతా మూడువందల అరవైమూడు రోజులూ అది మా ఇంటి యజమానురాలే అనుకోండి. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సంసారం మాది. నాన్నగారికి ఈసీఐఎల్‌లో ఉద్యోగం రావడంతో హైదరాబాదు చేరి, చివరికి ఏఎస్ రావు నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఊరు మారింది, నీళ్ళు మారాయి, మాటలో కాస్త యాస కూడా మారింది. కారం మాత్రం మారలేదు.

ఈ ఏడు మిరపకాయ లేని రోజు మరొకటి చేరింది. మా అమ్మ తొలి ఆబ్దికం.

మాఘమాసంలో పోయింది మా అమ్మ. పోయే పదిరోజుల ముందు కూడా కుషాయిగూడ రైతుబజారుకు వెళ్ళి, ఎర్రగా నిగనిగలాడే పండు మిరపకాయలు మూడుకిలోలు బేరమాడి తెచ్చి, డాబా మీద తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, కొత్త చింతపండూ ఉప్పూ వేసి కొరివికారం తొక్కి జాడీకెత్తింది. ఆ జాడీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. మొదటి నెలల్లో తిన్నాం. అడుగున గుప్పెడు మిగిలేసరికి, ఎవరూ ఏమీ అనుకోకుండానే, అందరం దాన్ని ముట్టుకోవడం మానేశాం. మూతకు కట్టిన గుడ్డ కూడా అమ్మ కట్టిందే.

సరిగ్గా ఆబ్దికానికి వారం రోజులుందనగా మా అమ్మాయి బడి నుంచి ఒక ప్రాజెక్టు మోసుకొచ్చింది. మాయా, అజ్టెక్, ఇంకా నాగరికతల మీద అట్ట తయారు చెయ్యాలట. నాన్నగారు పేపరు చదువుకుంటున్నవారల్లా తలెత్తి,

"ఏమేమిటే?" అన్నారు.

"మాయా, అజ్టెక్, ఇంకా."

"ఇంకా?"

"ఇంకా, తాతయ్యా!"

"అదే, ఇంకా ఏమిటంటాను?"

ఈ ప్రశ్నోత్తరాలు మరికాస్సేపు సాగేవే. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఇంకా అన్నది ఒక జాతి పేరని చెప్పి ఇద్దర్నీ విడదీసింది. అమ్మ ఉంటే ఈ సంభాషణ వీధి చివరి వరకూ చెప్పుకుని నవ్వేది.

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అమెరికా ఖండపు ప్రాచీన చరిత్ర నాకు ఇంటిపేరు కూడా తెలియని చుట్టం లాంటిది. అయినా ఎనిమిదో తరగతి పిల్ల ముందు తెలియదనడానికి నామోషీ వేసి, రెండు రాత్రులు కూర్చుని చదివాను. చదువుతున్నకొద్దీ ఇవతలి పని మరిచిపోయాను.

మాయా వాళ్ళది ఇప్పటి మెక్సికో దక్షిణభాగం, గ్వాటెమాలా ప్రాంతం. క్రీ.శ. 250 మొదలు 900 వరకూ అడవుల నడుమ మహానగరాలు కట్టి వెలిగారు. సున్నకు గుర్తు వాడిన జాతి. చుక్క పెడితే ఒకటి, గీత పెడితే అయిదు, గవ్వలాంటి బొమ్మ వేస్తే సున్న. మనం పదులతో లెక్కిస్తే వాళ్ళు ఇరవైలతో లెక్కించారు. 260 రోజుల పంచాంగం ఒకటి, 365 రోజులది ఒకటి రెండూ నడిపి, 52 ఏళ్ళకోసారి రెండింటినీ కలిపేవారు. మన షష్టిపూర్తిలాగా వాళ్ళకూ ఆ కలయిక ఒక పెద్ద మలుపు. మనిషి పుట్టుక గురించి వాళ్ళ పురాణకథ ఒకటుంది. దేవతలు మొదట మట్టితో మనుషుల్ని చేశారట, కరిగిపోయారు. కొయ్యతో చేశారట, వాళ్ళకు హృదయం లేకపోయింది. చివరికి మొక్కజొన్న పిండితో చేస్తే మనిషి నిలబడ్డాడట. అన్నం పరబ్రహ్మ స్వరూపమన్న జాతికి ఈ కథ బొత్తిగా పరాయిదనిపించదు.

ఈ 'మాయా' మన మయుడి సంతతే కదా మేష్టారూ, అని కాలనీలో ఉదయపు నడకలో కలిసే పెద్దమనిషి ఒకాయన గట్టిగా వాదించాడు. మయసభ కట్టినవాడు అక్కడికి పోయి పిరమిడ్లు కట్టాడట. పేరు కలిసినంతమాత్రాన చుట్టరికం కలవదు. ఆ లెక్కన మా నాన్నగారి 'ఇంకా' కూడా అచ్చతెలుగు రాజ్యమే కావాలి. రెండు మహాసముద్రాల అవతల వాళ్ళంతట వాళ్ళు సున్నను కనుక్కున్నారంటే, అది మన మయుడు నేర్పాడనడం కంటే ఎక్కువ ఆశ్చర్యం కదూ?

అజ్టెకులు చాలా తరువాతివాళ్ళు. 1325 ప్రాంతంలో ఒక సరస్సు నడుమ తెనోచ్తిత్లాన్ అనే పట్నం కట్టారు. నాగజెముడు పొద మీద వాలిన గద్ద ఎక్కడ కనబడితే అక్కడ ఊరు కట్టమని దేవుడు చెప్పాడని కథ. ఆ గద్దా, ఆ నాగజెముడూ ఈనాటికీ మెక్సికో జెండా మీద ఉన్నాయి. మన పొలాల గట్లమీద ముళ్ళతో బెదిరించే ఆ నాగజెముడు అక్కడిదేనని నాకు మొన్నటిదాకా తెలియదు. సరస్సులో మట్టి పోసి మడులు కట్టి, ఆ మడుల మీద పంటలు పండించి ఆ పట్నాన్ని పోషించారు. 1521లో స్పెయిన్ నుంచి వచ్చిన కోర్టెస్, అజ్టెకులంటే పడని ఇరుగుపొరుగు జాతుల్ని వేలకొద్దీ వెంటబెట్టుకొచ్చి ఆ పట్నాన్ని నేలమట్టం చేశాడు. సగం పని అంతకుముందే మశూచికం చేసిపెట్టింది. దానిమీదే మెక్సికో నగరం లేచింది. 1978లో కరెంటు పనివాళ్ళు వీధిలో గొయ్యి తవ్వుతుంటే, పాత మహాదేవాలయం తాలూకు చంద్రదేవత శిల్పం బయటపడిందట. ఇది విని నాన్నగారు, "మన కాలనీలో ఎన్ని గోతులు తవ్వారు, ఒక్క దేవతా బయటపడలేదు" అన్నారు.

ఇంకాలది పెరూ దేశపు కొండల రాజ్యం. కుజ్కో రాజధాని. రాత లేదు. తాళ్ళకు ముడులు వేసి జనాభా లెక్కలూ ధాన్యం లెక్కలూ రాసుకున్నారు. 30,000 కిలోమీటర్లకు పైబడ్డ రాతిబాటలు వేశారు. చక్రం మీద నడిచే బండి లేదు, గుర్రం లేదు. కబురు తెచ్చే కుర్రాళ్ళు మజిలీ మజిలీకి పరుగెత్తి అందించేవారు. 1532లో పిజారో అనే స్పెయిన్‌వాడు గుప్పెడుమందితో వచ్చి వాళ్ళ రాజు అతహువాల్పాను పట్టుకున్నాడు. గదినిండా బంగారం పోసినా వదలక, మర్నాటి ఏడు చంపించాడు.

"నాన్నా, వాళ్ళు నరబలులిచ్చేవాళ్ళట కదా?" అంది మా అమ్మాయి.

నిజమే, ఇచ్చేవారు. అది దాచవలసిన పని లేదు. అయితే వాళ్ళను సంస్కరిస్తామని వచ్చినవాళ్ళు ఏం చేశారన్నది కూడా అట్టమీద రాయమన్నాను. 1562లో మానీ అనే ఊళ్ళో లాండా అనే మతగురువు మాయా పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టాడు. ఆ జాతి పుస్తకాల్లో ఈనాడు ప్రపంచంలో మిగిలినవి నాలుగంటే నాలుగు. ఇది చదివిన రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. తాళపత్రాలు చెదలుపట్టి పోతుంటే ఊరూరా తిరిగి పోగుచేయించి, డబ్బిచ్చి రాయించి, వేమన్నను అచ్చొత్తించిన బ్రౌను దొర కూడా తెల్లవాడే. దొర వచ్చినప్పుడు ఏ దొర వచ్చాడన్నదాని మీద ఒక భాష బతుకు ఆధారపడి ఉంటుంది కాబోలు. విచిత్రమేమిటంటే, పుస్తకాలు కాల్చిన ఆ లాండాయే మాయా అక్షరాలివీ అని తన గ్రంథంలో నాలుగు ముక్కలు రాసుకున్నాడు. ఆ ముక్కల సాయంతోనే 1952లో లెనిన్‌గ్రాడులో కూర్చున్న క్నోరొజొవ్ అనే పండితుడు ఆ లిపికి తాళంచెవి కనిపెట్టాడు. అన్నట్టు, మాయావాళ్ళు అంతరించిపోయారనుకుంటారు చాలామంది. అదేం లేదు. ఆ భాషలు మాట్లాడేవాళ్ళు ఈనాటికీ లక్షలమంది ఉన్నారు.

సరే, ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ ఆదివారం సాయంత్రం మా భోజనాల బల్లమీద రెండు కాగితాలు పక్కపక్కన పడ్డాయి. ఒకటి మా అమ్మాయిది: 'ఈ నాగరికతలు ప్రపంచానికిచ్చిన పంటలు.' మిరపకాయ, టమాటా, మొక్కజొన్న, బంగాళాదుంప, చిలగడదుంప, వేరుశెనగ, జీడిపప్పు, జామ, బొప్పాయి, సపోటా, అనాస, పొగాకు, కోకో. రెండోది మా అక్కయ్య ఫోనులో చెబుతుంటే మా ఆవిడ రాసుకున్న చీటీ: 'అమ్మ ఆబ్దికానికి వాడకూడనివి.' మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశెనగ, జీడిపప్పు, క్యాబేజీ, క్యారెట్టు, ఉల్లి, వెల్లుల్లి.

రెంటినీ మార్చి మార్చి చూశాను. ఉల్లి వెల్లుల్లి నిషేధం వేరే కారణం మీద. క్యాబేజీ, క్యారెట్టు సీమ నుంచి దొరలతో వచ్చినవి. మిగతావన్నీ ఒక్కటే చీటీ! ఒక చేత్తో రాసినట్టున్నాయి.

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఎం.ఏ. క్లాసులో 'ఆముక్తమాల్యద' చెబుతుండగా ఒకసారి ఒక విద్యార్థిని లేచి, "మాష్టారూ, రాయలవారు విష్ణుచిత్తుడి ఇంట వానాకాలం భోజనమూ, ఎండాకాలం భోజనమూ ఇంత వర్ణించారు గానీ, ఇందులో మిరపకాయ లేదేమండీ?" అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వి, పరమభాగవతుడు కారం తినడని చెప్పి దాటేశాను. నిజమేమిటంటే రాయలవారు 1509లో పట్టానికి వచ్చారు. కొలంబసు అమెరికా తీరం చేరింది 1492లో. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టుకున్నది 1510లో. వాళ్ళ ఓడల్లోనే మిరప గింజ మన తీరం ఎక్కింది. రాయలవారికి మిరియం తెలుసు, ఆవాలు తెలుసు, అల్లం తెలుసు. శ్రీనాథుడు పలనాటి జొన్నకూడు చూసి విసుక్కున్నాడు గానీ ఆ కూటిలోకి గొడ్డుకారం నంజుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. పోతన్నగారూ అంతే. ఆ మహానుభావులెవరూ ఆవకాయ ఎరగరు!

అంతెందుకు, మాటలోనే ఉంది గుట్టు. మన పూర్వులు ఈ కొత్త కాయను కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇది మిరియంలా మండుతోంది గనుక మిరపకాయ అన్నారు. వచ్చిన చుట్టానికి ఇంట్లో ఉన్న పెద్దవాడి పేరు పెట్టుకోవడం మనకు అలవాటే. జొన్నకు చుట్టంగా మొక్కజొన్న, శెనగకు చుట్టంగా వేరుశెనగ. అవతలి ఖండపు పండు ఒకటి వస్తే ఏకంగా సీతమ్మవారి పేరు పెట్టి సీతాఫలం చేసేశాం. టమాటా, చాక్లెట్టు మాత్రం వాళ్ళ పేర్లతోనే మిగిలాయి. అవి అజ్టెకుల నహువాతల్ భాష మాటలు. మా ఆవిడ బజారులో "టమాటాలెంతయ్యా?" అన్నప్పుడల్లా పడిపోయిన ఆ పట్నపు మాట ఒకటి ఏఎస్ రావు నగర్ సందులో వినబడుతోందన్నమాట. ఆ తీగె పట్టుకుని లాగితే డొంకంతా కదిలింది. అనంతపురం రైతును బతికించే వేరుశెనగ అక్కడిది. ఇంకాలకు వెయ్యేళ్ళు ముందటి సిపాన్ ప్రభువు సమాధి 1987లో పెరూలో బయటపడితే, అందులో బంగారంతోనూ వెండితోనూ చేసిన వేరుశెనగకాయల హారం ఉందట. మన పటాన్‌చెరు ఇక్రిసాట్ విత్తనాల ఖజానాలో వేరుశెనగ రకాలే 15,000కు పైగా దాచారు. గిరీశం చుట్ట అక్కడిది. ఈసీఐఎల్ చౌరస్తాలో బొగ్గుల మీద కాల్చి, నిమ్మచెక్కతో ఉప్పూకారం రాసిచ్చే మక్కకంకి మొత్తం, కంకీ కారమూ రెండూ అక్కడివే.

మొక్కజొన్న గురించి ఒక్కమాట చెప్పి ముందుకు పోతాను. అజ్టెకు, మాయా ఇల్లాళ్ళు మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడికించి గాని రొట్టె చేసేవారు కారు. ఆ సున్నం వల్ల గింజలో బిగిసి ఉన్న ఒక విటమిను వంటికి పడుతుంది. ఐరోపావాళ్ళు గింజ తెచ్చుకుని సున్నం మరిచిపోయారు. దాంతో మొక్కజొన్నే దిక్కయిన పేదలకు పెల్లాగ్రా జబ్బు పట్టుకుంది. ఆ జబ్బు ఇక్కడ జొన్నలు తిని బతికే పేదల్లోనూ ఎందుకు వస్తోందో శోధించి 1960లో లోకానికి చెప్పినవారు, మనకు నాలుగడుగుల దూరాన తార్నాకలో ఉన్న పోషకాహార పరిశోధనాలయంలోని గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు. విత్తనం ఒక్కటే ప్రయాణం చేస్తే చాలదు, దాని వెనక ఉన్న అమ్మమ్మ కూడా రావాలి!

అమ్మమ్మ మాట వచ్చేసరికి మళ్ళీ అమ్మ దగ్గరికే వచ్చాను.

మామ్మ తద్దినానికి అమ్మ వంట చూడాలి. మడి కట్టుకుని తెల్లవారుజామునే పొయ్యి ముట్టించేది. పెసరపప్పు, అరటికాయ కూర, కంద, చేమదుంప, కాకరకాయ, అల్లం పచ్చడి, మినపగారెలు, నువ్వుండలు, మిరియాల చారు. ఇప్పుడు తెలుస్తోంది, అది రాయలవారి కాలపు వంట. ఏ గ్రంథాలయమూ దాచనంత జాగ్రత్తగా అయిదువందల ఏళ్ళ నాటి తెలుగు వంటిల్లు మా అమ్మ ఏడాదికి రెండుసార్లు తెరిచి చూపించేది. ఆ సంగతి ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

అంతా అయ్యాక, భోక్తలు వెళ్ళాక, చివరి బంతిలో ఆకు ముందు కూర్చుని మిరియాల చారు కలుపుకుంటూ ఒకసారి అంది: "మా అత్తగారి కోసం ఇవాళ కారం మానేశాను. నా తద్దినానికి మాత్రం నన్ను మిరియాలతో సరిపెట్టకండిరా నాయనా. ఆకలితో తిరిగిపోతాను." అందరం నవ్వాం. నేను, "అలాగేనమ్మా, ఆకునిండా కొరివికారం వేయిస్తాను" అన్నాను. వేళాకోళానికన్న మాట. ఇప్పుడు ఆ మాట నా మెడకు చుట్టుకుంది.

అక్కయ్యతో అన్నాను. "నీకు మతిపోయిందా? అమ్మ ఎంత నిష్ఠగా చేసేదీ! ఆవిడ ఆబ్దికానికే అప్రాచ్యం చేస్తావా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా ఆవిడ ఎటూ చెప్పలేదు. నాన్నగారు విననట్టు పేపరు తిప్పారు. చివరికి ముందురోజు సామాన్ల చీటీ తీసుకోవడానికి వచ్చిన శాస్త్రిగారి ముందు పెట్టాను.

"ధర్మశాస్త్రాలు పుట్టిన నాటికి మిరపకాయ లేదండీ" అన్నాడాయన. "కూడదని చెప్పినవాడూ లేడు, కూడునని చెప్పినవాడూ లేడు. పెద్దలు ఎరగనిది పెద్దలకు పెట్టకూడదని మనవాళ్ళు అట్టే పెట్టారు."

"మా అమ్మ ఎరుగును కదండీ! రేపు మీరు పిలవబోయేది మా అమ్మనీ, మామ్మనీ, మామ్మ అత్తగారినీ. ముగ్గురూ గుంటూరు జిల్లా కోడళ్ళే. మిరపకాయ ఎరగనిది ఎవరు?"

శాస్త్రిగారు ఫక్కున నవ్వారు. నవ్వి, కాస్సేపు ఊరుకుని, మెల్లగా అన్నారు. "నలభైయేళ్ళు ఈ వంట చేసిన ఇల్లాలు. చెయ్యి కాలినా పద్ధతి తప్పలేదు. ఆవిడ నిలబెట్టిన పద్ధతిని ఆవిడ పేరు మీదే మీరు పడగొడితే, నోటికి రుచి దొరుకుతుందేమో గాని మనసుకు దొరుకుతుందా? రేపటి రోజు పెద్దలది. ఎల్లుండి తెల్లవారి పరేహణి తర్పణం వదిలాక, ఇల్లు మీది, పొయ్యి మీది. అమ్మగారికి ఇష్టమైంది వండుకుని, తలుచుకుని తినండి. తలుచుకోవడానికి నిషేధం ఎక్కడా లేదు."

ఆ రాత్రి డాబా మీద పచార్లు చేస్తూ చాలాసేపు ఆలోచించాను. మా డాబా మీద నుంచి చూస్తే మౌలాలి గుట్ట కనబడుతుంది. ఆ గుట్ట పరిసరాల్లో ఇనుపయుగం నాటి రాతిపెట్టె సమాధులు తవ్వితే కుండలూ ఇనుప పనిముట్లూ దొరికాయి. రెండువేల ఏళ్ళు దాటిన సంగతి. పోయినవాడి పక్కన కుండ పెట్టారంటే, అక్కడ ఆకలేస్తుందేమోనన్న బెంగ కాక మరేమిటి? ఇంకాలు పోయిన రాజుల శరీరాలను చెడిపోకుండా కాపాడి, పండుగనాడు కుజ్కో చౌకులోకి మోసుకొచ్చి, ముందు అన్నమూ మొక్కజొన్న కల్లూ పెట్టేవారట. మెక్సికోలో ఈనాటికీ నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్ళ కోసం ఇంట్లో బల్ల వేసి, వాళ్ళకిష్టమైన వంటలు పెట్టి, దారి తెలియడానికి గుమ్మం దాకా పసుపుపచ్చని పూలు పరుస్తారు. ఆ పూలేమిటో తెలుసునా? మన బంతిపూలు! అవీ అక్కణ్ణుంచి వచ్చినవే. మా వీధిలో తెలంగాణ ఆడపడుచులు పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చి, ఆ సాయంత్రమే తంగేడూ గునుగుల నడుమ బంతిపూలు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. పెద్దల అమావాస్యా, బంతిపూలూ ఇక్కడా ఒకేచోట కలిశాయి. ఎవరు ఎవరికి చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పోయిన మనిషికి అన్నం పెట్టాలన్న తపన మాత్రం ఎవరూ నేర్పకుండానే అన్ని చోట్లా పుట్టింది, సున్న పుట్టినట్టే. మెక్సికోవాడు తన తల్లి ఆకలి తీర్చడానికి మిరపకాయ పెడతాడు, నేను నా తల్లి ఆకలి తీర్చడానికి మిరపకాయ తీసేస్తాను. బెంగ ఒక్కటే.

ఆబ్దికం పద్ధతిగా జరిగింది. అక్కయ్యా, మా ఆవిడా కలిసి అమ్మ వండినట్టే వండారు. పిండాలు డాబా మీద పెట్టి పిలిస్తే కాకులు చాలాసేపటిదాకా రాలేదు. అక్కయ్య నావైపు చూసింది. నేను మనసులో, "అమ్మా, రేపు" అన్నాను. ఆ మాటకే వచ్చాయని చెప్పను గాని, ఆ తరువాత వచ్చాయి.

మర్నాడు తెల్లవారుజామున తర్పణం వదిలి లేచేసరికి వంటింట్లోంచి అన్నం ఉడికిన వాసన వస్తోంది. అక్కయ్య స్వయంగా జాడీ దింపి, అమ్మ కట్టిన గుడ్డ విప్పుతోంది. చేతులు వణుకుతున్నాయి. అడుగున ఉన్నదంతా తీసి, ఇంగువ పోపు పెట్టి, వేడన్నంలో నెయ్యి వేసి కలిపి, చిన్నప్పుడు అమ్మ పెట్టినట్టే అందరికీ చేతిలో ముద్దలు పెట్టింది. నాన్నగారికి డాక్టరు కారం కూడదన్నాడు. ఆయన కూడా చెయ్యి చాచారు.

ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలి, "మీ అమ్మ ఉప్పు ఎక్కువ వేసిందిరా" అన్నారు.

నలభైయేళ్ళుగా ఏటా ఆయన అనే మాట అది. అన్నప్పుడల్లా వంటింట్లోంచి ఒకటే జవాబు వచ్చేది. ఆ జవాబు కోసం ఆయన తల అలవాటుగా వంటింటి వైపు తిరిగింది. మేమెవరం మాట్లాడలేకపోయాం.

మా అమ్మాయి అట్టమీద మిరపకాయ బొమ్మకు ఎర్రరంగు వేసుకుంటూ, తలెత్తకుండానే, అచ్చం నాయనమ్మ గొంతుతో అంది:

"ఊరుకోండి, ఏడాదిపాటు నిలవుండాలంటే ఆ మాత్రం ఉప్పుండాలి!"